కళ్లారా చూసినా చాలదు

1959లో ఒకరోజు పుట్టపర్తి దగ్గర చిత్రావతి ఇసుకలో ఇద్దరు తెలుగువాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒకరు సత్యసాయిబాబా. రెండోవారు సూరి భగవంతం, అప్పటికి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్. బాబా గుప్పెడు ఇసుక తీసి తన చేతుల్లో పోశారనీ, అది భగవద్గీత పుస్తకంగా మారిందనీ, తెలుగు లిపిలో అచ్చయిన ఆ పుస్తకంలో ప్రెస్ పేరు మాత్రం ఎక్కడా కనిపించలేదనీ భగవంతం తర్వాత చెప్పారు. ఆస్ట్రేలియా రచయిత హోవర్డ్ మర్ఫెట్ 1971లో తన పుస్తకంలో రాశాక ఈ కథ ప్రపంచమంతా తిరిగింది.

చెప్పింది మరొకరైతే విన్నవాళ్లలో కొందరు దణ్ణం పెట్టేవాళ్లు, కొందరు నవ్వి ఊరుకునేవాళ్లు. కాని భగవంతం మామూలు మనిషి కాదు. కృష్ణా జిల్లాలో 1909లో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. 1931లో గురువుతో కలిసి ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగపూర్వక ఆధారం ప్రకటించారు. మరుసటి ఏడాది వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భౌతికశాస్త్ర విభాగంలో చేరారు. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా పనిచేశారు. 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. అంత ఎదిగిన మనిషి బాబా ఉపన్యాసాలను వేదిక మీద నిలబడి ఇంగ్లీషులోకి అనువదించేవారు.

భక్తి ఆయన సొంత విషయం. దాన్ని ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదు. కాని చిత్రావతి కథ వెళ్లిన చోటల్లా ఆయన హోదా కూడా వెళ్లింది. ‘అంతటి శాస్త్రవేత్తే చూశాడు’ అన్న మాటే కథకు బలం. ఇంతకీ ఇసుక పుస్తకమైందా లేదా అన్న విషయంలో స్పెక్ట్రోస్కోపీ తెలిసిన మనిషి మాటకు, పుట్టపర్తి రైతు మాటకు తేడా ఎంత? భౌతికశాస్త్రానికీ అతీంద్రియ పరిశోధనకూ నూటయాభై ఏళ్లకు పైగా సాగిన సంబంధమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

బల్ల తిప్పింది ఎవరు?

ఆ సంబంధం నిజానికి చాలా బాగా మొదలైంది. 1850ల్లో యూరప్, అమెరికాల్లో బల్లలు తిప్పే పిచ్చి పట్టుకుంది. నలుగురు బల్ల చుట్టూ చేరి చేతులు ఆనిస్తే అది కదిలేది. ప్రేతాత్మలని కొందరు, విద్యుత్తని కొందరు అన్నారు. విద్యుత్తు పేరు రావడంతో అందరూ మైకేల్ ఫారడే వైపు చూశారు. 1853లో ఆయన చేసిన పని చాలా తేలికైనది. చేతులకూ బల్లకూ మధ్య జారే అట్టల పొరలు పెట్టారు. బల్ల తనంతట తాను కదిలితే కింది పొర ముందు జరగాలి. చేతులు తోస్తే పై పొర ముందు జరగాలి. ప్రతిసారీ పై పొరే ముందు జరిగింది. తోస్తున్నవాళ్లకు తాము తోస్తున్నామని తెలియదు. చేతుల కదలికను చూపే ముల్లును వాళ్ల కళ్లెదుట పెట్టగానే బల్ల తిరగడం ఆగిపోయింది.

ఫారడే ఎవరినీ మోసగాడు అనలేదు. ‘నేను చూశాను’ అని కూడా అనలేదు. తన కన్ను మీద, ఎదుటివారి నిజాయితీ మీద ఆధారపడని ఏర్పాటు ఒకటి చేశారు. ఆ తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆయన పరికరాల నేర్పును తీసుకున్నారు కాని ఈ జాగ్రత్తను తీసుకోలేదు.

విలియం క్రూక్స్ 1861లో థాలియం అనే మూలకాన్ని కనిపెట్టారు. క్యాథోడ్ కిరణాల మీద ఆయన చేసిన పని ఎక్స్‌రేలకూ ఎలక్ట్రాన్‌కూ దారి వేసింది. అదే మనిషి 1870-71లో డేనియల్ హోమ్ అనే మీడియంను పరీక్షించి, ఇదేదో కొత్త శక్తి అని ప్రకటించారు. 1874లో ఫ్లోరెన్స్ కుక్ అనే అమ్మాయి కూర్చున్న మసక గదిలో తెల్లదుస్తుల ఆత్మ నడిచి రావడం చూశానని రాశారు. తోటి శాస్త్రవేత్తలు వెక్కిరించారు. అయినా 1913లో ఆయన్ను రాయల్ సొసైటీ అధ్యక్షుణ్ని చేశారు.

క్రూక్స్ ఒంటరి కాదు. 1882లో లండన్‌లో సొసైటీ ఫర్ సైకికల్ రీసెర్చ్ పుట్టడానికి పూనుకున్నవారిలో డబ్లిన్ భౌతికశాస్త్ర ప్రొఫెసర్ విలియం బారెట్ ముఖ్యుడు. ఆ ఏడాదే ‘టెలిపతి’ అన్న మాట కూడా పుట్టింది. సొసైటీ అధ్యక్షుల జాబితాలో క్రూక్స్, బారెట్, ఆలివర్ లాడ్జ్, 1904 నోబెల్ గ్రహీత లార్డ్ రేలీ ఉన్నారు. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ సభ్యుడు. పారిస్‌లో యుసేపియా పల్లాదినో అనే ఇటలీ మీడియం ముందు పియరీ క్యూరీ కూర్చున్నారు.

వాళ్లంతా అమాయకులని అనుకుంటే పొరపాటు. వాళ్ల కాలం అటువంటిది. 1894లో లాడ్జ్ తీగ లేకుండా సంకేతాలు పంపి చూపించారు. 1895లో ఎక్స్‌రే, 1896లో రేడియోధార్మికత వచ్చాయి. కంటికి కనిపించనివి గోడలు దాటుతున్నాయి. విశ్వమంతా ఈథర్ నిండి ఉందని, కాంతి దాని మీద అలలా వెళ్తుందని అప్పటి పాఠ్యపుస్తకాలే చెప్పేవి. గది అవతలి నుంచి తీగ లేకుండా సందేశం వస్తున్నప్పుడు, ఒక మెదడు నుంచి మరో మెదడుకు ఎందుకు రాకూడదు? 1905లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం వచ్చాక భౌతికశాస్త్రానికి ఈథర్ అవసరం తీరిపోయింది. లాడ్జ్‌కు మాత్రం తీరలేదు. 1915 సెప్టెంబర్‌లో ఆయన కొడుకు రేమండ్ ఈప్ర యుద్ధరంగంలో చనిపోయాడు. మీడియంల ద్వారా అతనితో మాట్లాడానంటూ 1916లో ఆయన రాసిన పుస్తకం, కొడుకులను పోగొట్టుకున్న వేల ఇళ్లకు చేరింది. ఆ తండ్రి దుఃఖం నిజం. దాని వెనకున్న వైర్‌లెస్ నిపుణుడి పేరు మాత్రం ఆ ఇళ్లకు సాక్ష్యంలా పనిచేసింది.

అడయారు దర్యాప్తు

ఈ కథ మద్రాసు దాకా కూడా వచ్చింది. దివ్యజ్ఞాన సమాజం 1882లో అడయారులో స్థిరపడింది. అక్కడి ఒక చెక్క అలమారలో మహాత్ముల ఉత్తరాలు ప్రత్యక్షమవుతాయని చెప్పుకునేవారు. 1883లో ఈ సమాజంలో చేరినవారిలో క్రూక్స్ ఒకరు. ఆ సంగతేమిటో చూసి రమ్మని లండన్ సొసైటీ రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే యువకుణ్ని పంపింది. 1884 డిసెంబర్‌లో వచ్చి, నెలల తరబడి సాక్షులను విచారించి, చేతిరాతలు పోల్చి, మేడం బ్లావట్‌స్కీ చేసింది మోసమేనని ఆయన 1885లో నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక ఏకపక్షమని దివ్యజ్ఞానులు ఇప్పటికీ అంటారు. చేతిరాతల నిపుణుడు వెర్నన్ హారిసన్ 1986లో అదే సొసైటీ పత్రికలో దాన్ని గట్టిగా విమర్శించారు.

తీర్పు సంగతి అలా ఉంచితే, ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటి ఉంది. భౌతికశాస్త్రవేత్త సభ్యత్వం తీసుకున్నచోట, ఉత్తరాలు పోల్చి చూసే ఓపిక ఉన్న కుర్రవాడు ప్రశ్నలు అడిగాడు. ప్రకృతి మోసం చేయదు. పరమాణువు తన చేతిలోని గుడ్డముక్కను దాచుకోదు. జీవితమంతా ప్రకృతితో పనిచేసినవాడికి అటువంటి ఎదుటిపక్షమే అలవాటు. మనుషుల చేతివాటం గురించి అతనికి తెలిసింది ఏ సంతలో గారడీ చూసినవాడికి తెలిసినంతే. తెలియదన్న సంగతి కూడా అతనికి తెలియకపోవడమే అసలు ప్రమాదం.

1979లో అమెరికన్ ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ ఈ సంగతి రుజువు చేశారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ పీటర్ ఫిలిప్స్ 5 లక్షల డాలర్ల విరాళంతో అతీంద్రియ పరిశోధన కేంద్రం తెరిచారు. రాండీ ఇద్దరు టీనేజీ గారడీ కుర్రాళ్లను అతీంద్రియ శక్తులున్నవాళ్లుగా అక్కడికి పంపారు. వాళ్లు చెంచాలు వంచారు, ఫ్యూజులు కాల్చారు. ఎటువంటి జాగ్రత్తలు తీసుకోవాలో రాండీ ముందే ఉత్తరం రాసినా అక్కడ తగినంత పట్టించుకోలేదు. 1983లో ఆయనే గుట్టు విప్పారు. ఫిలిప్స్ పొరపాటు ఒప్పుకున్నారు.

వాల్తేరు నుంచి డర్హామ్ దాకా

మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈ చరిత్రలో రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిది భగవంతం రూపంలో. రెండోది అంతకంటే ఆలోచింపజేసేది.

కోనేరు రామకృష్ణారావు 1932లో కోస్తా ఆంధ్రలో పుట్టారు. వాల్తేరులో తత్వశాస్త్రం చదివారు. పాతికేళ్ల వయసులో, 1957లో, అతీంద్రియ జ్ఞానం మీద ఇంగ్లీషులో ఆయన రాసిన మొదటి పుస్తకం తెనాలి నుంచి అచ్చయింది. తర్వాత అమెరికా వెళ్లి డ్యూక్ యూనివర్సిటీలో జె.బి. రైన్ దగ్గర చేరారు. రైన్ చదువుకున్నది వృక్షశాస్త్రం. 1934లో వచ్చిన తన పుస్తకంతో ఈ రంగాన్ని మీడియంల చీకటి గదుల నుంచి ప్రయోగశాలలోకి తెచ్చిన మనిషి. ఆయన పరికరం పేకముక్కల్లాంటి 25 కార్డులు. వాటి మీద వృత్తం, చతురస్రం, అలలు, ప్లస్ గుర్తు, నక్షత్రం అనే 5 బొమ్మలు. చూడకుండా చెప్తే సగటున 5 సరిపోతాయి. వేలసార్లు ఆడాక సగటు 5 కంటే పైకి పోతే ఏదో ఉందన్నట్టు. సాక్షి గొప్పవాడా కాడా అన్న ప్రశ్న అక్కడ లేదు. మిగిలింది లెక్క.

రావు 1967లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను స్థాపించారు. ఒక విశ్వవిద్యాలయం శాఖ పేరులోనే పారాసైకాలజీని చేర్చుకోవడం ప్రపంచంలోనే అరుదు. ధ్యానానికి ముందూ తర్వాతా మార్కులు ఎలా మారతాయి, పరీక్షించే పద్ధతి మారితే ఫలితం మారుతుందా వంటి ప్రశ్నల మీద రావూ ఆయన శిష్యులూ పనిచేశారు. ఒకే మనిషికి రెండు రకాల పరీక్షలు పెడితే, ఒకదాంట్లో సగటు కంటే ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ వస్తున్నాయని ఆయన వాదించారు. దీనికి ‘డిఫరెన్షియల్ ఎఫెక్ట్’ అని పేరు. విమర్శకుల ప్రశ్న సూటిగా ఉంది. ఎక్కువ వచ్చినా శక్తే, తక్కువ వచ్చినా శక్తే అయితే, శక్తి లేదని తేలేది ఎప్పుడు?

ఆ రోజుల్లోనే భౌతికశాస్త్రం మళ్లీ రంగంలోకి దిగింది. జర్మనీ నుంచి వచ్చిన హెల్మట్ ష్మిట్ అమెరికాలో బోయింగ్ కంపెనీ పరిశోధనశాలలో భౌతికశాస్త్రవేత్త. రేడియోధార్మిక స్ట్రాన్షియం-90ను ఆయన పాచికగా వాడుకున్నారు. ఒక పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆ విచ్ఛిన్నాన్ని బట్టి నాలుగు దీపాల్లో ఒకటి వెలుగుతుంది. ఏది వెలుగుతుందో ముందే మీట నొక్కి చెప్పాలి. యంత్రమే లెక్క రాసుకుంటుంది. 1969లో ప్రకటించిన మొదటి ప్రయోగంలో 63,066 ఊహలు. యాదృచ్ఛికంగా 25 శాతం సరిపోవాలి. 26.1 శాతం సరిపోయాయి. నూటికి ఒకటి తేడా. కాని అన్ని వేలసార్లలో అది అనుకోకుండా వచ్చే తేడా కాదు.

ష్మిట్‌ను రైన్ తన సంస్థకు తెచ్చుకున్నారు. డ్యూక్ నుంచి 1965లో రిటైరయ్యాక నార్త్ కరోలినాలోని డర్హామ్‌లో ఆయన పెట్టుకున్న సంస్థ అది. ష్మిట్ తర్వాత దాని డైరెక్టర్ అయింది వాల్టర్ లెవీ అనే యువ డాక్టర్. యంత్రం ఎంత మంచిదైనా దాన్ని నడిపేది మనిషే అన్న సత్యం 1974లో బయటపడింది. ఎలుకలతో చేసే ప్రయోగంలో లెవీ రికార్డర్ తీగ పీకుతూ పెడుతూ ఉండటం సహాయకులు గమనించారు. రహస్యంగా రెండో రికార్డర్ కలిపారు. మొదటిది అద్భుతం చూపుతుంటే రెండోది మామూలు యాదృచ్ఛిక సగటే చూపింది. రైన్ లెవీని పంపించేసి, జరిగింది తన పత్రికలోనే ప్రకటించారు. ఆ దెబ్బ నుంచి సంస్థను నిలబెట్టే పనికి కొన్నేళ్లకు రైన్ పిలిచింది వాల్తేరు ప్రొఫెసర్‌నే.

రావు అక్కడ డైరెక్టరయ్యారు. 1984లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వైస్ చాన్సలర్‌గా తిరిగొచ్చారు. 1987లో జాన్ పామర్‌తో కలిసి ‘బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్’ పత్రికలో ఆయన రాసిన సుదీర్ఘ వ్యాసం ఈ రంగం తన తరఫున పెట్టుకున్న గట్టి వాదనల్లో ఒకటి. అందులో ముందువరస సాక్ష్యం ష్మిట్ యంత్రాలే. ఆ సంచికలోనే కెనడా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జేమ్స్ ఆల్కాక్ ఎదురు వ్యాసం రాశారు. ఇది అపవాదాలను వెతికే శాస్త్రమా, ఆత్మను వెతికే ప్రయత్నమా అన్నది ఆయన ప్రశ్న. అనుకూలురూ వ్యతిరేకులూ అదే పత్రికలో పేజీల కొద్దీ వాదించుకున్నారు. నమ్మనివాళ్ల ముందు తన లెక్కలు పరచి కూర్చున్న రావు పద్ధతికీ చిత్రావతి పద్ధతికీ ఎంత దూరం ఉందో ఇక్కడే తెలుస్తుంది.

ఇద్దరు వైస్ చాన్సలర్లు

రావు వైస్ చాన్సలర్ కావడానికి ఎనిమిదేళ్ల ముందు, పక్క రాష్ట్రంలో మరో వైస్ చాన్సలర్ ఇంకో దారి పట్టారు. బెంగళూరు యూనివర్సిటీలో హెచ్. నరసింహయ్య. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసిన గాంధేయవాది. 1976లో అద్భుతాలను, పరీక్షించదగిన మూఢనమ్మకాలను పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. సత్యసాయిబాబాకు మూడు ఉత్తరాలు రాశారు, తమ ముందు పరీక్షకు ఒప్పుకోమని. జవాబు రాలేదు. దేశమంతా వాదం చెలరేగింది. యూనివర్సిటీకి ఇదేం పని అన్నవాళ్లూ ఉన్నారు. యూనివర్సిటీ కాక మరెవరు చేయాలి అన్నవాళ్లూ ఉన్నారు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అంటూ 51ఏ అధికరణం రాజ్యాంగంలో చేరిందీ ఆ ఏడాదే.

నరసింహయ్యను నాస్తికుడని కొట్టిపారేసినవాళ్లు ఒక సంగతి మర్చిపోతారు. అతీంద్రియ పరిశోధకులు అడిగిందీ అదే. ఐస్‌లాండ్‌కు చెందిన ఎర్లెండూర్ హరాల్డ్‌సన్, అమెరికాలో ఉండే కార్లిస్ ఓసిస్ 1970ల్లో పలుమార్లు వచ్చి బాబాను కలిశారు. ఇద్దరూ ఈ రంగంపై సానుభూతి ఉన్నవాళ్లే. నియంత్రిత ప్రయోగానికి బాబా ఒప్పుకోలేదు. మోసానికి గట్టి రుజువు దొరకలేదని, ప్రయోగం లేకుండా తేల్చడం కుదరదని హరాల్డ్‌సన్ రాశారు. నమ్మేవాడికీ నమ్మనివాడికీ కావలసింది ఒకటే అయినప్పుడు, ‘పెద్ద శాస్త్రవేత్త చూశాడు’ అన్న మాట ఆ లోటును పూడ్చలేదు.

అదే రోజుల్లో సీకో గడియారాల కంపెనీ యజమాని జపాన్‌లో ఇనప్పెట్టెలో దాచిన నమూనా గడియారం బాబా చేతిలో ప్రత్యక్షమైందన్న కథ తిరిగేది. శ్రీలంకలో ఉండే హేతువాది అబ్రహాం కోవూర్ నేరుగా ఆ కంపెనీకి ఉత్తరం రాశారు. బాబా గురించి తనకేమీ తెలియదని 1973లో కంపెనీ అధ్యక్షుడి నుంచి జవాబొచ్చింది. దానికైన ఖర్చు పోస్టల్ స్టాంపు.

‘క్వాంటమ్’ అనే మాట

భౌతికశాస్త్రం తన వైపు నుంచి ఏం చెప్పింది? ఆలోచన అలగానో శక్తిగానో వెళ్తే, దూరం పెరిగేకొద్దీ బలహీనపడాలి. మధ్యలో దాన్ని పట్టుకునే పరికరం ఉండాలి. కార్డు పరీక్షల ఫలితాలకు దూరంతో పని లేదని పారాసైకాలజిస్టులే అంటారు. అంటే రేడియో పోలిక చెల్లదు. రావు దీన్ని మరోలా చదివారు. భౌతికశాస్త్రం ఇవ్వలేని వివరణ చైతన్యంలో ఉందని, యోగ, వేదాంతాల వైపు మళ్లారు. చివరి దశాబ్దాల్లో ఆయన పుస్తకాలన్నీ ఆ దారిలోనివే. అది తత్వవేత్త నిజాయితీగా చేసుకున్న ఎంపిక.

ఇంకొందరు క్వాంటమ్ వైపు మళ్లారు. రెండు కణాలు ఎంత దూరాన ఉన్నా వాటి కొలతల మధ్య సంబంధం ఉంటుందన్నది రుజువైన సంగతి. దీన్నే టెలిపతికి ఆధారం అంటారు. కాని ఆ సంబంధాన్ని వాడుకుని ఒక చోటి నుంచి మరో చోటికి సమాచారం పంపడం కుదరదని అదే క్వాంటమ్ సిద్ధాంతం చెప్తుంది. 1973 నోబెల్ గ్రహీత బ్రయాన్ జోసెఫ్‌సన్, నోబెల్ బహుమతుల శతాబ్ది సందర్భంగా బ్రిటన్ తపాలా శాఖ 2001లో స్టాంపులతో వేసిన పుస్తకంలో, క్వాంటమ్ సిద్ధాంతం టెలిపతిని వివరించవచ్చని రాశారు. ఆక్స్‌ఫర్డ్ భౌతికశాస్త్రవేత్త డేవిడ్ డాయిష్ వంటివారు వెంటనే ఖండించారు. అంతకు చాలా ముందు, 1979లో, అమెరికన్ సైన్స్ అసోసియేషన్ సభలో ప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త జాన్ వీలర్, 1969లో అనుబంధ సభ్యత్వం ఇచ్చిన పారాసైకాలజీ సంఘాన్ని బయటికి పంపాలన్నారు. పంపలేదు.

ప్రయోగాలూ ఆగలేదు. కాలిఫోర్నియాలో ఇద్దరు లేజర్ నిపుణులు మొదలుపెట్టిన ‘దూరదృష్టి’ కార్యక్రమం మీద అమెరికా గూఢచారి సంస్థలు 1995 దాకా సుమారు 2 కోట్ల డాలర్లు పెట్టి, పనికి రాదని మూసేశాయి. ప్రిన్స్‌టన్ ఇంజనీరింగ్ డీన్ రాబర్ట్ జాన్ 1979 నుంచి 2007 దాకా ష్మిట్ తరహా యంత్రాలతో పనిచేశారు. 2000లో రెండు జర్మన్ ప్రయోగశాలలతో కలిసి పెద్ద ఎత్తున మళ్లీ చేస్తే ముఖ్య ఫలితం రాలేదు. 2006లో ముగ్గురు పరిశోధకులు ఇటువంటి 380 అధ్యయనాలను కలిపి చూశారు. ప్రభావం అతి చిన్నది. చిన్న అధ్యయనాల్లో ఎక్కువ, పెద్దవాటిలో తక్కువ. ఫలితం రానివి అచ్చుకాక సొరుగుల్లో ఉండిపోతే కనిపించే రూపం సరిగ్గా ఇదేనన్నది వాళ్ల వివరణ.

విచిత్రమేమిటంటే ఈ రంగం శాస్త్రానికి ఇచ్చింది లేకపోలేదు. 1884లో షార్ల్ రిషే పేకముక్కలు ఊహించే ప్రయోగాలకు సంభావ్యతా గణితాన్ని వాడారు. పరీక్షించేవాడికి కూడా జవాబు తెలియకూడదన్న నియమాన్ని ఈ రంగం చాలామంది కంటే ముందు, గట్టిగా పాటించింది. 2011లో డారిల్ బెమ్ అనే ప్రముఖ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త భవిష్యత్తు ముందే తెలుస్తుందని 9 ప్రయోగాలు ప్రకటిస్తే, మిగతా మనోవిజ్ఞానం ఉలిక్కిపడింది. మళ్లీ చేస్తే అవి నిలవలేదు. అయితే ఆయన వాడినవి అందరూ వాడే పద్ధతులే. 2015లో మనోవిజ్ఞానంలోని 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలిచినవి 36 శాతం. దయ్యాన్ని వెతకబోయినవాళ్లు ఇంటి గోడల్లో బీటలు చూపించినట్టయింది.

నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది

1903లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో రెనే బ్లాండ్లో అనే పేరున్న భౌతికశాస్త్రవేత్త ఎన్-కిరణాలు కనిపెట్టానన్నారు. మనిషి నరాల నుంచి, మెదడు నుంచి కూడా అవి వస్తున్నాయని అదే ఊరి ప్రొఫెసర్ ఒకరు ప్రకటించారు. మరెంతోమంది చూశామన్నారు. 1904లో అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ నాన్సీ వెళ్లి, చీకట్లో ఎవరికీ తెలియకుండా పరికరంలోని పట్టకాన్ని తీసేశారు. బ్లాండ్లో అయినా అవే కొలతలు చదువుతూ పోయారు. ఎన్-కిరణాలు ఆ రోజుతో పోయాయి. బ్లాండ్లో అబద్ధమాడలేదు. చూడాలనుకున్నది చూశారు.

1928లో కలకత్తా నుంచి సి.వి. రామన్ కాంతి గురించి కొత్త సంగతి చెప్పినప్పుడు, అమెరికాలో దాన్ని తన ప్రయోగశాలలో చేసి చూసి, నిజమేనని ‘నేచర్’ పత్రికకు కేబుల్ పంపింది ఆ వుడ్డే. ఎన్-కిరణాలను కూల్చిన చెయ్యే రామన్‌కు సాక్ష్యం పలికింది. రామన్ ఎంత గొప్పవాడన్నది వుడ్ చూడలేదు. వలస దేశంలో ఉన్నవాడని తక్కువ చేయనూ లేదు. అమర్చి చూశారు, వచ్చింది. సూరి భగవంతం రామన్ దగ్గర చేరింది ఆ ఏడాదే. తన తరం భారతీయ శాస్త్రం ప్రపంచంలో తలెత్తుకున్నది ఏ నియమం వల్లో ఆయనకు తెలియకపోదు.

భగవంతం 1989లో, బాబా 2011లో కన్నుమూశారు. రామకృష్ణారావుకు 2011లో పద్మశ్రీ వచ్చింది, 2021లో ఆయనా వెళ్లిపోయారు. ‘క్వాంటమ్’ అన్న మాటను అంటించిన తైలాలు, తాయెత్తులు, శిక్షణ శిబిరాలు మాత్రం మిగిలాయి. వాటి ప్రకటనల్లో ఎక్కడో ఒక డాక్టరేట్ పేరు ఉంటుంది. వాల్తేరు గట్టు ఈ రెండు దారులనూ చూసింది. ఒకాయన కార్డులు పరచి, లెక్క తప్పితే తప్పని చెప్పగల చోట కూర్చున్నారు. ఆయన చెప్పింది నిలవలేదని ఇవాళ మనం వాదించగలుగుతున్నామంటే, ఆ అవకాశం ఆయనే ఇచ్చారు గనుక. చిత్రావతి ఇసుకతో అలా వాదించడానికి ఏమీ లేదు. నమ్మడమో మానడమో తప్ప.

భగవంతం దగ్గర చదివిన విద్యార్థి ఎవరైనా ఒక స్పెక్ట్రమ్ ఫొటో తెచ్చి, ‘ఇది ఒక్కసారే వచ్చింది, మళ్లీ చేయడం కుదరదు, నేను చూశాను గనక నమ్మండి’ అంటే ఆయన ఏమని ఉండేవారో ఊహించడం కష్టం కాదు.